భుజం మీద చెయ్యి వేసి కాదన్నారు

హజ్రత్ అబూజర్ గిఫారీ (రజి) ఒకసారి తనకేదైనా అధికార బాధ్యత అప్పగించమని దైవప్రవక్త (స)ను కోరారు. ఆయన అబూజర్ భుజం తట్టి, ఈ పనికి మీరు బలహీనులనీ, పదవి ఒక అమానతు అనీ, దాని హక్కు నెరవేర్చని వారికి ప్రళయదినాన అవమానమే మిగులుతుందనీ వివరించారు. సహీహ్ ముస్లింలోని హదీసు ఇది. మదర్సాలో చదివేటప్పుడు మా దృష్టంతా 'బలహీనులు' అన్న మాట మీదే ఉండేది. భుజం తట్టడాన్ని తర్వాతెప్పుడో గమనించాం.

ప్రేమ వేరు, అర్హత వేరు. కాదన్న మాటనైనా ఎదుటే, కారణంతో సహా చెప్పారు. తీర్పు తనకు వ్యతిరేకంగా వచ్చినా, కారణం చెప్పి గౌరవంగా చూస్తే మనిషి దాన్ని న్యాయమని ఒప్పుకునే అవకాశం ఎక్కువని మనస్తత్వ శాస్త్రజ్ఞులూ అంటున్నారు.

2007లో వెలువడిన థోరాట్, అట్‌వెల్ అధ్యయనంలో, సమాన అర్హతలున్నా ముస్లిం పేరుతో పంపిన దరఖాస్తులకు ప్రైవేటు కంపెనీల నుంచి పిలుపులు తక్కువగా వచ్చాయి. వింటే మనకు కడుపు మండుతుంది. మండాలి కూడా. మరి మన దుకాణానికి గుమాస్తా కావలసి వస్తే మొదట అడిగేదేమిటి? "ఎవరబ్బాయి?" అనే కదా! బావమరిది కొడుకును పెట్టుకుని, లెక్కలు బాగా వచ్చిన పరాయి కుర్రాడికి "కబురు చేస్తాం" అని చెప్పి పంపేస్తాం. కబురు వెళ్ళదు. ఆ కుర్రాడు మాత్రం నెల రోజులు ఫోను చూసుకుంటూనే ఉంటాడు.