ఆటకు అదను

వ్యవసాయమున అదను అను మాటకు గొప్ప విలువ కలదు. విత్తనము మేలైనదైనను, ఎద్దులు బలిష్ఠములైనను, అదను తప్పిన సేద్యము ఫలింపదు. ఈ సత్యము పొలమునకే గాక ఆటస్థలమునకును వర్తించును. ఆటగాని నేర్పు, నిర్వాహకుల శ్రద్ధ, ప్రేక్షకుల ఉత్సాహము సమకూడినను, ఎండ, వాన, గాలి, పిడుగు అను నాలుగింటిలో ఏదో యొకటి అడ్డు తగిలినచో ఆ ప్రయత్నమంతయు తారుమారగును.

కరీంనగరు జిల్లాలోని చొప్పదండి ప్రాంతమును చూచినచో ఈ సంగతి తేటపడును. ఇచ్చట మార్చి మొదలు ఎండలు ముదురును. మే నెలలో ఉత్తర తెలంగాణమున ఉష్ణోగ్రత కొన్ని దినములు 45 డిగ్రీలు దాటును. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని పెద్దలు ఊరక చెప్పలేదు. మృగశిర ప్రవేశించి నైరుతి ఋతుపవనము వచ్చిన పిమ్మట వానలు ఆరంభమగును. ఏటి వర్షములో అధికభాగము జూన్ నుండి సెప్టెంబరు వరకు గల నాలుగు నెలలలోనే కురియును. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు చలికాలము. అప్పుడు ఉదయమున చలి యున్నను, పగలు ఆకాశము నిర్మలముగా నుండును. నేల స్వభావమును గమనింపదగినదే. నల్లరేగడి వానకు బంకయై కాలికి అంటుకొనును; ఎండకు నెఱ్ఱెలు విచ్చును. ఎఱ్ఱని చెల్క నేల నీటిని త్వరగా ఇంకించుకొనును. కావున ఒకే వాన కురిసినను, చెల్కలో గీసిన కబడ్డీ బరి త్వరలోనే ఆరును. రేగడిలోని బరి కొన్నాళ్లు పనికిరాదు.

ఇక్కడ రెండు మాటల భేదమును తెలిసికొనవలెను. ఒక చోట ఒక దినమున ఎండ, గాలి, తేమ ఉన్న తీరు వాతావరణము. అనేక సంవత్సరముల వాతావరణమును కలిపి చూడగా తేలిన స్వభావము శీతోష్ణస్థితి. ఆటలను ఏ నెలలో జరుపవలెనో శీతోష్ణస్థితి చెప్పును. ఏ వేళ మొదలిడవలెనో, ఎప్పుడు ఆపవలెనో వాతావరణము చెప్పును. మొదటిది పంచాంగము వంటిది. రెండవది తెల్లవారగనే ఆకాశమువైపు చూచు చూపు వంటిది. రైతునకు రెండును కావలెను. క్రీడలను నడుపువానికిని రెండును కావలెను.

ముందుగా ఎండ సంగతి. మానవుని దేహము లోపలి వేడి సుమారు 37 డిగ్రీలు. పరుగెత్తునప్పుడు కండరములు మరింత వేడిని పుట్టించును. చెమట ఆరుటచే ఆ వేడి బయటకు పోవును. గాలిలో తేమ అధికముగా నున్నచో చెమట కారునే గాని ఆరదు. అందుచే దేహము చల్లబడదు. కనుకనే పొడిగాలి వీచు చోట 40 డిగ్రీల ఎండ కంటె, సముద్రతీరమున 33 డిగ్రీల ఉక్క కొన్ని వేళల ఎక్కువ బాధించును. ఉష్ణమాపకములోని అంకెను మాత్రమే చూచి ధైర్యపడుట తగదు.

జపాను దేశపు టోక్యో నగరమున 1964లో ఒలింపిక్ క్రీడలు అక్టోబరు నెలలో జరిగెను. వేసవి ఉక్కను, తుపానులను తప్పించుకొనుటకై ఆ నెలను ఎన్నుకొనిరి. అదే నగరమున 2021లో ఆ క్రీడలు జూలై, ఆగస్టు నెలలలో జరిగెను. అప్పుడు మారథాన్ పరుగును టోక్యోలో నడుపుట ప్రమాదమని తలచి, ఉత్తరమున సుమారు 800 కిలోమీటర్ల దూరమునగల సప్పోరో నగరమునకు మార్చిరి. అచ్చటను వేడి తగ్గనందున స్త్రీల పరుగును ఒక గంట ముందునకు జరిపి, ఉదయము ఆరు గంటలకే ప్రారంభించిరి. అంతకు ముందు 2019లో ఖతారు రాజధాని దోహాలో ప్రపంచ అథ్లెటిక్ పోటీలు జరిగినప్పుడు స్త్రీల మారథాన్‌ను అర్ధరాత్రి మొదలిడిరి. అయినను వేడియు, ఉక్కయు విడువలేదు. బయలుదేరిన 68 మందిలో 28 మంది గమ్యము చేరలేక మధ్యలోనే నిలిచిపోయిరి. వేళను మార్చుట మంచిదే. కాని నెలను సరిగా ఎన్నుకొననిచో వేళ యొక్కటే రక్షింపజాలదు. వేసవిలో తెలంగాణమున ఒంటిపూట బడులు నడపుటయు ఇట్టి ఆలోచన నుండి పుట్టిన యేర్పాటే.

ఇక వాన. అక్టోబరు వచ్చుసరికి వానకాలము గడచినట్లే తోచును. కాని బంగాళాఖాతమున తుపానులు పుట్టు కాలమును అదియే. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకుపడెను. చెట్లు కూలెను, ఇండ్లు దెబ్బతినెను, విద్యుత్తు నిలిచిపోయెను. 14వ తేదీన అచ్చట భారతదేశమునకును, వెస్టిండీసునకును జరుగవలసిన క్రికెట్ పోటీని రద్దుచేసిరి. నగరము దుఃఖములో నున్నప్పుడు ఆట గూర్చి విచారించుటకు తావులేదు. 2017 అక్టోబరు 13వ తేదీన హైదరాబాదులో భారత, ఆస్ట్రేలియా జట్ల పోటీ మరియొక విధముగా ఆగిపోయెను. ముందు దినములలో కురిసిన వానకు మైదానము తడిసి యుండెను. ఎంత ఆరబెట్టినను చాలినంత ఆరలేదు. ఒక్క బంతియైనను పడకుండగనే ఆట రద్దాయెను. ఆగిపోయిన వాన సయితము ఆటను ఆపగలదని అందుచే తెలియుచున్నది.

ఆట మధ్యలో వాన వచ్చినచో న్యాయము చేయుట మరింత కష్టము. 1992లో ప్రపంచ కప్పు సెమీఫైనలు పోటీ సిడ్నీలో జరుగుచుండగా, దక్షిణాఫ్రికా జట్టు 13 బంతులలో 22 పరుగులు చేయవలసి యుండెను. అంతలో వాన కురిసెను. వాన వెలిసిన పిమ్మట నాటి నియమము ప్రకారము లెక్కవేయగా, ఒక్క బంతిలో 21 పరుగులు చేయవలసివచ్చెను! గెలువదగిన జట్టు ఏ పొరపాటును చేయకయే ఓడిపోయెను. ఇట్టి అన్యాయమును తొలగించుటకై ఫ్రాంక్ డక్‌వర్త్, టోనీ లూయిస్ అను ఆంగ్ల గణాంక శాస్త్రజ్ఞులు క్రొత్త లెక్కను కనుగొనిరి. మిగిలిన ఓవర్లను, చేతిలోనున్న వికెట్లను జతగా చూచి అది లక్ష్యమును నిర్ణయించును. 1997 నుండి అంతర్జాతీయ పోటీలలో దానిని వాడుచున్నారు. వానను ఆపు శక్తి మానవునకు లేదు. వాన చేసిన నష్టమును ఇరుపక్షములకును సమముగా పంచు బుద్ధి మాత్రము అతనికి కలదు.

గాలి కంటికి కనబడదు. కాని దాని సాయమును, దాని ద్రోహమును పరుగెత్తువారు ఎరుగుదురు. వంద మీటర్ల పరుగులోను, హర్డిల్స్ పరుగులోను, పొడవు దూకుటలోను వెనుకనుండి వీచు గాలి సెకనుకు 2 మీటర్లకు మించినచో ఆ ఫలితమును రికార్డుగా పరిగణింపరు. విశాఖపట్టణమునకు చెందిన జ్యోతి యర్రాజి 2022 ఏప్రిల్‌లో కేరళలోని కోజికోడు వద్ద వంద మీటర్ల హర్డిల్స్ పరుగును 13.09 సెకన్లలో ముగించెను. అప్పటి జాతీయ రికార్డు 13.38 సెకన్లు, అది 2002 నుండి చెక్కుచెదరక యుండెను. కాని ఆ దినమున గాలి వేగము 2.1 మీటర్లు. ఒక మీటరులో పదవ వంతు ఎక్కువైనందున రికార్డు ఆమెకు దక్కలేదు.

ఇది కఠినముగా తోచవచ్చును. ఆలోచించినచో ఇందులో న్యాయమే కలదు. ఆ దినమున పరుగెత్తినవారందరికిని ఒకే గాలి వీచినది. కావున గెలుపు ఆమెదే, పతకమును ఆమెదే. రికార్డు అన్ననో, ఇరువది యేండ్ల క్రిందట వేరొక చోట, వేరొక గాలిలో పరుగెత్తినవారితో పోలిక. అందుచే గాలి వంతును, మనిషి వంతును వేరుచేయక తప్పదు. జ్యోతి నిరుత్సాహపడలేదు. మరుసటి నెలలో సైప్రస్ దేశమున 13.23 సెకన్లలో పరుగెత్తి, నియమబద్ధముగనే ఆ రికార్డును అధిగమించెను. 2023లో బ్యాంకాకున ఆసియా పోటీలలో వానకు తడిసిన బాటపై పరుగెత్తి స్వర్ణపతకమును గెలుచుకొనెను. నాడు ఆమెకు పట్టిన కాలము సరిగా 13.09 సెకన్లే. గాలి కారణముగా మునుపు లెక్కకు రాని అంకె, తడిబాటపై ఆమె కాళ్లకే దక్కినది.

నాలుగవది పిడుగు. దీనితో బేరములేదు. గాల్ఫు ఆట ఇందుకు తగిన ఉదాహరణము. హైదరాబాదులో గోలకొండ కోటకు చెందిన నయాఖిల్లా ప్రాంతమున గాల్ఫు మైదానము కలదు. పదునెనిమిది గుంటలు గల మైదానమును చుట్టివచ్చుటకు నాలుగు గంటలు పట్టును. అంతసేపును ఆటగాడు విశాలమైన బయలులో, చేత లోహపు కఱ్ఱతో, ఎత్తైన చెట్ల నడుమ నుండును. 1975లో అమెరికాలోని చికాగో సమీపమున జరిగిన పోటీలో పిడుగుపాటునకు లీ ట్రెవినో మొదలగు ప్రసిద్ధ ఆటగాండ్రు గాయపడిరి. ప్రమాద సంకేతము వినబడినంతనే, కొట్టబోవు బంతిని సయితము విడిచి ఆటను ఆపవలెనని గాల్ఫు నియమము. సంకేతము రాకున్నను, పిడుగు భయము తోచిన ఆటగాడు తానుగా ఆగవచ్చును. ఉరుము వినబడినదనగా పిడుగు పడదగిన దూరములోనే యున్నట్లు. అప్పుడు చెట్టు క్రిందకు పోరాదు. గట్టి కట్టడములోనికి పోవలెను. కడపటి ఉరుము వినబడిన అరగంట వరకు బయటకు రారాదు. వానకాలమున తెలంగాణ పొలములలో రైతులు, పశువుల కాపరులు పిడుగుపాటునకు ప్రాణములు కోల్పోవుచున్నారు. ఆ బయలునకును, ఆటస్థలమునకును భేదములేదు.

భూమి వేడెక్కుచున్న ఈ కాలమున ఎండలు మునుపటికంటె తీవ్రమగుచున్నవి. అకాల వర్షములు భారీగా కురియుచున్నవి. కావున పాత పంచాంగమును నమ్మియుండుట చాలదు. వాతావరణ శాఖ వెలువరించు సూచనలను ప్రతిదినము చూచుచుండవలెను.

ఇందుకు పెద్ద క్రీడాంగణములు అక్కరలేదు. చొప్పదండిలోని జవహర్ నవోదయ విద్యాలయము వంటి పాఠశాలలలోను, పల్లె బడులలోను ఈ వివేకమును పాటింపవచ్చును. క్రీడోత్సవమును చలికాలమునకు నిర్ణయించుట, వేసవిలో ఎండ ముదురకముందే పరుగు ముగించుట, బరి ప్రక్కన నీళ్లకుండను, మజ్జిగను ఉంచుట, మొదటి ఉరుమునకే పిల్లలను గదులలోనికి పంపుట, ఇవన్నియు ఖర్చులేని పనులు. గెలుపు కొఱకు తొందరపడు బాలుడు “ఇంకొక్క ఆట” అని బ్రతిమాలవచ్చును. ఉపాధ్యాయుడు ఆకాశమును చూచి వలదనవలెను. ఆగిన ఆటను మరునాడు ఆడవచ్చును. పోయిన ప్రాణము మరలిరాదు.

మబ్బును చూచి నాగలి కట్టువాడు, మబ్బును చూచియే నాగలి విప్పువాడు మంచి రైతు. అదను వచ్చినప్పుడు పూర్ణశక్తితో ఆడువాడు, అదను తప్పినప్పుడు వెనుదీయక ఆగువాడు మంచి ఆటగాడు.