సైన్ 30 దగ్గర బయటపడే పైథాన్ చదువు

అమెరికాలో ఫ్రిస్కోలోనైనా, ఎడిసన్‌లోనైనా మనవాళ్లు నలుగురు చేరితే ఒకటే మాట: ‘మావాడు ఆరో తరగతికే పైథాన్ పూర్తి చేశాడండీ!’ సంతోషమే. ఆ పిల్లవాడిచేత మ్యాథ్.సైన్(30) అని కొట్టించి చూడండి. లెక్కల పుస్తకం ప్రకారం 0.5 రావాలి. తెరమీద మైనస్ 0.988 కనిపిస్తుంది. ఎందుకని అడిగితే చాలామంది బిక్కమొహం వేస్తారు.

పైథాన్, జావా, సి, చివరికి ఎక్సెల్ కూడా కోణాన్ని రేడియన్లలోనే తీసుకుంటాయి. పిల్లలకు మొదట నేర్పే స్క్రాచ్ మాత్రం డిగ్రీల్లో తీసుకుంటుంది. అందుకే స్క్రాచ్ నుంచి పైథాన్‌కి దూకిన పిల్లలు సరిగ్గా ఇక్కడే బోర్లా పడతారు. పైగా ఎర్రర్ మెసేజ్ కూడా రాదు. ఆటలో బంతిని 45 డిగ్రీల వాలున విసరాలనుకుని 45 అని నేరుగా ఇస్తే, అది సుమారు 58 డిగ్రీల వాలున ఎగురుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది కాబట్టి పిల్లవాడు వేగాన్నీ గురుత్వాకర్షణనీ మారుస్తూ సాయంత్రమంతా గడుపుతాడు. 1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ నాశనమైంది కూడా ఇలాంటి కొలతల తికమకతోనే. అక్కడ కోణాలు కావు, ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్లలో ఇచ్చిన లెక్కను మరొకటి న్యూటన్లుగా తీసుకుంది.

మ్యాథ్.రేడియన్స్ అన్న ఫంక్షన్ వాడితే సరిపోతుందిగా అంటారు. సరిపోతుంది, ఆ ఒక్క లైనుకి. అసలు తెలియాల్సింది రేడియన్ అంటే ఏమిటన్నది. వృత్తంలో వ్యాసార్ధమంత పొడవున్న చాపం కేంద్రం దగ్గర చేసే కోణమే రేడియన్, అంటే దాదాపు 57.3 డిగ్రీలు. సైన్ అవకలనం కొసైన్ అని మనం బట్టీ పట్టే సూత్రం రేడియన్లలోనే నిజం. డిగ్రీల్లో అయితే పై బై 180 వచ్చి పక్కన చేరుతుంది. ఇది కోడింగ్ క్యాంపులో వచ్చే చదువు కాదు, ఆల్జీబ్రా 2, ప్రీకాలిక్యులస్‌లలో నెమ్మదిగా ఒంటబట్టాల్సింది.

ఆ నెమ్మదే మనకు పడదు. వేసవి సెలవుల్లో ప్రీకాలిక్యులస్ ‘ముగించి’ ఒక క్లాసు ఎగరేయించడం, ఆపైన ఏఐ బూట్‌క్యాంపుకి వేల డాలర్లు పోయడం. పిల్లవాడి చేతికొచ్చేది ఒక పీడీఎఫ్ సర్టిఫికెట్. కాలేజీకి వెళ్లాక కంప్యూటర్ సైన్స్‌లో కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా ఎదురైతే ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. పక్కింటి అబ్బాయితో పోటీ కోసం పదమూడేళ్ల పిల్ల వారాంతాలన్నీ ఆన్‌లైన్ క్లాసులకు అప్పగించడం నాకు అస్సలు మింగుడుపడదు.

ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ప్రీకాలిక్యులస్‌కి ఆల్జీబ్రా 2, జామెట్రీ వచ్చి ఉంటే చాలు. నన్నడిగితే దాన్ని బడిలోనే, ఏడాది పొడవునా చదవనివ్వండి. ఇంట్లో సాధనకు ఖాన్ అకాడమీ, డెస్మోస్ రెండూ ఉచితమే. ఇంకా కోచింగ్‌కి పంపాలనే ఉంటే డబ్బు కట్టేముందు డెమో క్లాసులో మాస్టారిని ఒక్క ప్రశ్న అడగండి: సైన్ 30కి మైనస్ ఎందుకొచ్చిందని. బొమ్మ గీసి చెప్పలేకపోతే అక్కడ చేర్పించకండి.