వంతెన నాడి

కాచిగూడలో బయలుదేరిన ఎం.ఎం.టి.ఎస్. బండి మూసీనదిని దాటి, మలకపేట, డబీర్‌పుర, యాకుత్‌పురల మీదుగా ఫలక్‌నుమా చేరును. పాతబస్తీ వారికిది నిత్యప్రయాణము. బండి వంతెనపైకి రాగానే చక్రముల చప్పుడు మారుట మీరును వినియుందురు. చెవికి తెలియునది ఆ చప్పుడు మాత్రమే. దాని వెనుక వంతెన కంపనము దాగియున్నది.

ఫలక్‌నుమా దాటి దక్షిణముగా పోవు ఈ మార్గముననే, జడ్చర్ల మహబూబ్‌నగరముల నడుమ, 1956 సెప్టెంబరు 2వ తేదీన వంతెన కూలి నూరుమందికి పైగా మరణించిరి. నాటి రైల్వేమంత్రి లాల్‌బహదూర్ శాస్త్రిగారు రాజీనామా ఇవ్వజూపిరి. వంతెన బలహీనతను ముందుగా కనుగొనుట ఎట్లు?

వీణతీగను బిగించినచో స్వరము హెచ్చును, వదలినచో తగ్గును. వంతెనయు అట్టిదే. దాని దృఢత్వము తగ్గినకొలది, సెకనుకు అది కంపించు పర్యాయములు తగ్గును. అయితే ప్రతి వంతెనకును పరికరములు అమర్చుట మిక్కిలి వ్యయముతో కూడిన పని. 2004లో తైవానుకు చెందిన ఆచార్య యాంగ్, ఆయన సహచరులు వేరొక ఉపాయమును ప్రకటించిరి. పరికరమును వంతెనపై గాక, దానిపై పోవు బండిలో ఉంచవచ్చును. వంతెన ఊగినచో బండియు ఊగును గదా!

బోగీ నేలపై త్వరణమాపకము నుంచి పట్టాల బాగోగులు కనిపెట్టుట మన రైల్వేలకు పాత అలవాటే. వంతెన సంగతి అంత సులభము కాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోవు బండి, 20 మీటర్ల వంతెనను 1.2 సెకనులలో దాటును. ఆ స్వల్పకాలములో పట్టాల ఎగుడుదిగుడులు, బండి స్ప్రింగుల ఊపు, వంతెన కంపనము అన్నియు కలిసిపోవును. చార్మినారు సంతలో ఒక్క గొంతును గుర్తించుట వంటిదే ఇది. ఎండ తీవ్రతకును వంతెన స్వరము కొంత మారును. కావున ఒక్క ప్రయాణముతో తీర్పు చెప్పరాదు. అదే వంతెనపై దినమునకు పలుమార్లు తిరుగు బండియే ఇందుకు తగినది. దాని లెక్కలను మాసముల తరబడి పోల్చినచో, నెమ్మదిగా వచ్చు బలహీనత బయటపడగలదు.

కాని అన్ని ఆపదలును నెమ్మదిగా రావు. 2005 అక్టోబరు 29న వలిగొండ వద్ద ఆకస్మిక వరదకు మార్గము కొట్టుకొనిపోయి, డెల్టా ప్యాసింజరు పడిపోగా నూరుమందికి పైగా మరణించిరి. ముందు పోయిన బండి ఎంత శ్రద్ధగా విన్నను, తరువాతి బండి వచ్చులోపల నీరు తన పని ముగించును. అందుచేతనే వానాకాలపు రాత్రులలో చేతిదీపము పట్టుకొని, పట్టాల వెంట గస్తీ తిరుగు మనిషి నేటికిని నడచుచునే యున్నాడు.