తుపాకిని ఎన్నాళ్లకొకసారి శుభ్రపరుపవలెను?



పంటకాపునకై లైసెన్సు పొంది తుపాకి నుంచుకొన్న సభ్యులు మమ్ము తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. “దీనిని నెలకొకసారి తుడిచిన చాలునా? ఏడాదికొకసారి చాలునా?” అని. ఈ ప్రశ్నకు పంచాంగము చూచి బదులు చెప్పుట కుదరదు. నాగలిని ఎన్నాళ్లకొకసారి కడుగవలెనని ఎవ్వరును అడుగరు. దున్నివచ్చిన సాయంకాలమే మన్ను దులిపి పెట్టుదురు. తుపాకియు నట్టిదే. పేల్చిన దినముననే, నిద్రకు ముందే, దానిని శుభ్రపరుపవలెను. పేల్చని దినములలో వానకాలమున పక్షమునకొకసారియు, తక్కిన కాలమున నెలకొకసారియు పరీక్షింపవలెను. ఈ పాఠమంతయు ఈ రెండు నియమములకు వివరణమే.

మందు కాలిన పిదప మిగులునదేమి?

మన పల్లెలలోని పంటకాపు తుపాకులు పెక్కులు మూతినుండి మందు దట్టించునట్టివి. వీనిలో వాడు నల్లని తుపాకిమందు సురేకారము, గంధకము, బొగ్గు కలిసినది. ఈ మందు పూర్తిగా పొగయై పోవునని తలచుట పొరపాటు. కాలిన మందు బరువులో సగమునకు పైగా ఘనపదార్థమే. అందు కొంత పొగతో వెలికి పోవును. కొంత గొట్టము లోపల మసివలె అంటుకొనును. ఈ మసిలో క్షారములును లవణములును గలవు. వానకాలమున ఉప్పుకుండ చెమ్మగిల్లుట మీరు చూచియే యున్నారు. ఆ విధముననే ఈ మసి గాలిలోని తేమను పీల్చుకొని, ఒక్క రాత్రిలోనే ఇనుమును తినుట కారంభించును.

ఇందు ముఖ్యముగా గ్రహింపదగిన సంగతి యొకటి కలదు. ఈ లవణములు నీటిలో కరగును గాని నూనెలో కరగవు. మసిపై నూనె పూసినచో పైకి నిగనిగలాడును. అడుగున త్రుప్పు తన పని తాను చేయుచునే యుండును. మొదటి ప్రపంచయుద్ధ కాలమున (1914-1918) ఆంగ్ల సైనికులు కాల్పులు ముగిసిన వెంటనే తమ తుపాకి గొట్టములలో మరుగునీరు పోసి కడుగుచుండిరి. వారి తూటాల టోపీలలోని రసాయనము కాలి, ఉప్పువంటి లవణమును గొట్టమున మిగుల్చుచుండుటయే దీనికి కారణమని 1922లో అమెరికా గనులశాఖవారి పరిశోధన విశదపఱచినది. కాబట్టి ముందు నీరు, పిదప నూనె. ఈ క్రమమును తాఱుమాఱు చేయరాదు.

మన సీమలో ఏల ఎక్కువ జాగ్రత్త కావలెను?

చిత్తూరు, తిరుపతి ప్రాంతములకు ఈశాన్య ఋతుపవనము ముఖ్యమైనది. అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ముసురు పట్టును. సరిగా ఆ దినములలోనే వేరుసెనగ కాయ ముదురును. పలమనేరు, కుప్పం అడవుల దాపునను, భాకరాపేట, తలకోన కొండల క్రిందను అడవిపందులు చేలపై పడును. రైతు మంచెపై రాత్రులు గడపి, మంచులో తడిసిన తుపాకిని తెల్లవాఱుజామున ఇంటికి తెచ్చును. అనగా తుపాకి ఎక్కువగా పేలు కాలమే గాలిలో తేమ ఎక్కువగా నుండు కాలము. వేసవిలో ఒకనాటి అశ్రద్ధకు గొట్టము ఓర్చుకొనవచ్చును, కార్తీకమున ఓర్చుకొనదు.

అశ్రద్ధవలన నష్టము

త్రుప్పు గొట్టమును గుంటలు గుంటలుగా తిని పలుచన చేయును. మసి పేరుకొన్నచో గుండు అడుగువఱకు దిగక నడుమనే చిక్కుకొనును. మందునకు గుండునకు నడుమ ఖాళీ యుండగా పేల్చిన యెడల గొట్టము పగిలి చేతిని, కంటిని హరింపవచ్చును. టోపీ అమర్చు మొనలోని సన్నని రంధ్రము మూసికొన్నచో టోపీ పేలియు మందు అంటుకొనదు. ఒక్కొక్కప్పుడు కొంత ఆలస్యముగా అంటుకొనును. అట్టి సమయమున తుపాకి మూతిని జనము లేని దిక్కునకే త్రిప్పి పట్టుకొని రెండు నిమిషములు కదలక యుండవలెను. పేలలేదేమని మూతిలోనికి తొంగిచూచుట ప్రాణాపాయము.

శుభ్రపరచు విధము

1. మొట్టమొదట తుపాకి వట్టిదని నిశ్చయించుకొనవలెను. ఇందుకు దట్టించు కడ్డిపై రెండు గీతలు గీసి యుంచుడు. వట్టి గొట్టములో కడ్డి అడుగంటినపుడు మూతియొద్ద ఒక గీత. సరియైన మోతాదు దట్టించినపుడు మఱియొక గీత. మొదటి గీత మూతికి పైన నిలిచినచో లోపల ఏదియో కలదని తెలియును. రెండవ గీత మూతికి పైన నిలిచినచో గుండు సరిగా దిగలేదని తెలియును.

2. టోపీ అమర్చు మొనను ఊడదీసి, ఆ రంధ్రమును సన్నని తీగతో శోధించి, వేడినీటిలో కడుగవలెను.

3. గొట్టములో మరుగునీరు పోసి, కడ్డికి చుట్టిన గుడ్డతో తోమవలెను. నీరు తేటగా వచ్చువఱకు మరల మరల చేయవలెను. మరుగునీటివలన గొట్టము వేడెక్కి తనంతట తాను త్వరగా ఆరును. మీట గల యంత్రభాగములోనికిని కొయ్యలోనికిని నీరు చొరనీయరాదు.

4. పొడిగుడ్డలు మార్చి మార్చి తుడిచి, తడి లేదని తెలిసిన పిదప కుట్టుమిషను నూనెవంటి పలుచని నూనెను లోపల వెలుపల పూయవలెను. వేరుసెనగనూనె, నువ్వులనూనె నాళ్లు గడచినకొలది జిగటకట్టి దుమ్మును పట్టును, అవి తగవు.

5. మఱునాడు తెల్లని గుడ్డతో గొట్టమును తుడిచి చూడవలెను. గుడ్డ ఎఱ్ఱబాఱినచో కడుగుట చాలలేదని యర్థము, మరల కడుగవలెను.

6. తిరిగి మందు దట్టించుటకు ముందు నూనెను పూర్తిగా తుడిచివేయవలెను. లేనిచో మందు నెమ్మగిల్లును.

తూటాతుపాకి గలవారికి పని కొంత తేలిక. పొగలేని మందును నేటి టోపీలును సామాన్యముగా అంత చెఱుపు చేయు లవణమును మిగుల్చవు. అయినను పేల్చిన దినముననే గొట్టమును కుంచెతో తోమి నూనె పూయుట మేలు. కాని తూటాలోని పొగలేని మందును తీసి మూతితుపాకిలో ఎన్నడును పోయరాదు. దాని బలమునకు ఆ గొట్టము ఆగదు.

చేయరాని పనులు

చింతపండుతోను, ఇటుకపొడితోను తోమరాదు. మొదటిది ఇనుమును తినును, రెండవది గీచును. మూతిలో గుడ్డ దోపి యుంచరాదు. లోపల తేమ నిలుచును, మఱచి పేల్చినచో గొట్టము పగులును. తోలుసంచిలో నెలల తరబడి ఉంచరాదు. పొయ్యిమీది అటకపై పెట్టరాదు. మందు దట్టించిన తుపాకిని ఇంటిలోనికి తేనేరాదు. పిల్లలకు అందని తాళము వేసిన చోట, మందును వేఱుగా, తుపాకిని వేఱుగా భద్రపఱుపవలెను.

చట్టమును గూర్చి రెండు మాటలు

1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము నిజముగా పంటకాపునకు వలయు మూతితుపాకికి లైసెన్సు నిచ్చుటకు వీలు కల్పించినది. లైసెన్సు కాలము 2019 సవరణచే మూడేండ్లనుండి ఐదేండ్లకు పెరిగినది. లైసెన్సు లేని నాటుతుపాకి, ఎంత శుభ్రముగా నున్నను, నేరమే. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి అనుమతి లేక వన్యమృగములను చంపరాదు. ఏనుగులపై తుపాకి ఎత్తుట నేరము మాత్రమే గాదు, ప్రాణాంతకము. అటవీశాఖవారికి తెలుపుటయే మార్గము.

ఎన్నికల సమయమున అధికారుల ఉత్తర్వు ననుసరించి తుపాకులను ఠాణాలో అప్పగింపవలసి వచ్చును. అప్పుడు అవి వారముల తరబడి ఎవ్వరును తుడువక పడియుండును. కావున అప్పగించు ముందు కడిగి, ఆరబెట్టి, నూనె కొంచెము దట్టముగా పూసి యిండు. తిరిగి తెచ్చుకొన్న దినముననే మరల పరీక్షింపుడు.

తుపాకి శుద్ధికి పట్టునది ఒక చెంబెడు మరుగునీరు, నాలుగు గుడ్డపీలికలు, అరగంట కాలము. పోగొట్టుకొన్న చేయి మాత్రము ఏ సంఘపు అప్పుతోను తిరిగి రాదు.

సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మసిపై నూనె పూసిన చాలదనుటకు కారణమేమి?
2. దట్టించు కడ్డిపై గల రెండు గీతల ప్రయోజన మేమి?
3. మన గ్రామమున లైసెన్సుదారులందఱును పంటకోతకు ముందొకనాడు కూడి తమ తుపాకులను పరీక్షించుకొనుట సాధ్యమా?