కరువు ఏడు - ఆలుగడ్డకు గజ్జి

ఆలుగడ్డ మనందరికీ తెలుసు. దీన్నే బంగాళాదుంప అని కూడా అంటారు. తెలంగాణలో జహీరాబాద్ చుట్టుపక్కల ఈ పంట ఎక్కువ. ఇది చలికాలం పంట. నాటేది, గడ్డలు ఏరేది ఎక్కువగా ఆడవాళ్లమే.

వానలు లేని ఏడు బోర్లు ఎండుతాయి. చేనుకు నీళ్లు చాలవు. గడ్డ చిన్నదవుతుంది. అంతేకాదు, గడ్డ మీద గరుకు మచ్చలు లేస్తాయి. ఇదే గజ్జి తెగులు. ఇది ఆకు మీద కనిపించదు. గడ్డ తవ్వినప్పుడే బయటపడుతుంది. మచ్చల గడ్డకు అంగట్లో ధర రాదు. చేసిన కష్టం, తెచ్చిన అప్పు మీద పడతాయి.

ఈ తెగులు ఎందుకు వస్తుంది?

మట్టిలో కంటికి కనిపించని జీవులు ఎన్నో ఉంటాయి. వాటిలో బాక్టీరియా ఒకటి. బాక్టీరియాలో మంచివీ ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. గజ్జి తెచ్చేది చెడ్డ బాక్టీరియా.

లేత గడ్డ తోలు మీద సన్నని రంధ్రాలు ఉంటాయి. గడ్డ వాటితో గాలి పీలుస్తుంది. చెడ్డ బాక్టీరియా ఆ దారినే లోపలికి పోతుంది. నేల తడిగా ఉంటే మంచి బాక్టీరియా అక్కడ చేరి దాన్ని పెరగనీయదు. నేల ఎండితే మంచి బాక్టీరియా తగ్గుతుంది. చెడ్డదానికి అడ్డు ఉండదు.

"అక్కా, ఉన్నవే కొద్ది నీళ్లు. ఏం చేయాలి?"

"ఆ కొద్ది నీళ్లనే అదునులో ఇవ్వాలి చెల్లీ!"

"అదును ఎట్లా తెలుస్తుంది?"

"నాటిన నెల రోజులకు ఒక మొక్క పీకి చూడు. మట్టిలోని తెల్లకాడల కొసలు ఉబ్బుతున్నాయా? అదే అదును. అప్పటి నుంచి 4 నుంచి 6 వారాలు నేల పదును ఆరనీయకు."

ఇలా చేద్దాం

1. నీళ్లు ఒక ఎకరానికే చాలితే ఒక ఎకరమే నాటుదాం.
2. కొద్దికొద్దిగా, తరచుగా తడి ఇద్దాం. చేనులో నీరు నిలవనీయవద్దు. నీరు నిలిస్తే గడ్డ కుళ్లుతుంది.
3. మచ్చలున్న గడ్డను విత్తనానికి వాడవద్దు.
4. ఆ చేనులో సున్నం, బూడిద చల్లవద్దు. వాటితో గజ్జి పెరుగుతుంది.
5. మరుసటి ఏడు జొన్న గానీ మొక్కజొన్న గానీ వేద్దాం. ముల్లంగి, క్యారెట్ వద్దు. వాటికీ ఈ గజ్జి సోకుతుంది.

మచ్చల గడ్డను పారేయకండి. తోలు మందంగా తీసి వండుకోవచ్చు. తిన్నవాళ్లకు గజ్జి రాదు.

తడి ఎప్పుడు ఇవ్వాలో ఇంట్లో మనమూ చెబుదాం. చేసే చేతులకు చెప్పే హక్కూ ఉంది.

చదివారు కదా! చెప్పండి:

1. గజ్జి తెగులు ఏ నేలలో ఎక్కువ వస్తుంది?
2. ఆలుగడ్డకు నీటి అదును ఎప్పుడు?
3. చేనులో నీరు నిలిస్తే ఏమవుతుంది?

ఈ మాటలు రాయండి: బాక్టీరియా, అదును, పదును, తెగులు.