మీ జాకెట్టు మీరే కుట్టుకోండి: విశ్వకర్మ పథకానికి దరఖాస్తు చేసే దర్జీలకు

ఉప్పల్, నాచారం నుంచి మాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒక్కటే: "సార్, కుట్టుమిషన్ ఎప్పుడిస్తరు?"

పీఎం విశ్వకర్మలో మిషన్ నేరుగా చేతికివ్వరు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన ఈ పథకంలో 18 చేతివృత్తులున్నాయి. దర్జీ పని అందులో ఒకటి. పరికరాలు కొనుక్కోవడానికి రూ.15,000 వరకు ఈ-వోచర్ ఇస్తారు, అదీ శిక్షణ మొదట్లో మీ పనితనం పరీక్షించాకే. ఇప్పటికే సొంతంగా ఈ పని చేసుకుంటున్నవాళ్లకే పథకం వర్తిస్తుంది. "నేర్చుకుందామనుకుంటున్నా" అంటే సరిపోదు.

నాచారం వైపు కుట్టు యూనిట్లలో పనిచేసి మానేసిన అక్కలకు ఇక్కడే చిక్కు. మిషన్ మీద చెయ్యి బాగా ఆడుతుంది. కానీ యూనిట్లో ఒకరు ఏళ్ల తరబడి కాలర్లే కుడతారు, ఇంకొకరు చేతులే అతుకుతారు. ఒక మనిషికి కొలతలు తీసి, కత్తిరించి, తేడా వస్తే సరిచేయడం వేరే పని. అది నేర్చుకోవడానికి మీ సొంత జాకెట్టును మించింది లేదు. పాడైనా అడిగేవాళ్లుండరు, ఎక్కడ బిగుతుందో మీ ఒంటికే తెలుస్తుంది.

ఆది జాకెట్టును నమ్మకండి

ఆది జాకెట్టు ఇచ్చి కుట్టించుకోవడం మనకు అలవాటు. పాతదాంట్లో చంక కిందికి ఉంటే కొత్తదాంట్లోనూ అట్లనే వస్తుంది. పైగా ఉతికి ఉతికి అది సాగిపోయి ఉంటుంది. అందుకే టేపుతో ఒంటి మీదే కొలవండి. వేరేవాళ్లతో కొలిపించుకోండి, ఎందుకంటే మీరే కొలుచుకుంటే చెయ్యి లేచి ఛాతీ కొలత మారుతుంది. ఛాతీ, నడుము, పొడవు, భుజం, చంక చుట్టు, చేతుల కొలతలతోపాటు భుజం నుంచి డాట్ పాయింట్ దాకా ఎంతో కూడా రాసుకోండి. చాలామంది వదిలేసేది ఇదే.

ఛాతీ 36 అంగుళాలనుకుందాం. నాలుగో వంతు 9. లూజుకు పావు అంగుళం, పక్క కుట్టు లోపల ఒకటిన్నర అంగుళం మార్జిన్ కలిపితే పదిముప్పావు. బట్ట మిగుల్చుకుందామని ఆ మార్జిన్ తగ్గించొద్దు, రేపు ఒళ్లు వస్తే విప్పుకోవడానికి ఉండేది అదే. కాటన్ లైనింగ్‌ను కత్తిరించే ముందే నానబెట్టి ఆరేయండి, లేకపోతే మొదటి ఉతుకుకే లోపల లాగేస్తుంది.

ముందు పాత కాటన్ చీర ముక్కతో, పొడవాటి కచ్చా కుట్లతో కుట్టి చూడండి. వేసుకుని, మెట్రోలో పైన వేలాడే పట్టీ పట్టుకున్నట్టు చెయ్యి ఎత్తండి. జాకెట్టు మొత్తం చేతితోపాటు పైకి లేచిందా? బిగుతైందనుకుని అందరూ పక్కలు విప్పుతారు. తప్పు అక్కడ లేదు. చంక మరీ కిందికి కోశారు. మెడ లోతుగా ఉంటే భుజం కుట్టు దగ్గర అర అంగుళం లోపలికి పట్టండి, చంక పైకొస్తుంది. దాంతో డాట్ కూడా పైకి జరుగుతుంది కాబట్టి అదీ సరిచూసుకోవాలి. డాట్ మొన పాయింట్‌కు అర అంగుళం ముందే ఆగాలి, దాటితే ముందు భాగం మొనదేలి కనిపిస్తుంది.

హుక్కుల మధ్య సందు పడితే మాత్రం పక్కలు విప్పాల్సిందే. ఇక్కడ లెక్క జాగ్రత్త. ప్రతి పక్కా ముందు బట్ట, వెనుక బట్ట కలిసి ఉంటాయి. కుట్టును పావు అంగుళం బయటికి జరిపితే ఒక్కో పక్క అర అంగుళం, మొత్తం చుట్టుకొలతలో ఒక అంగుళం పెరుగుతుంది. అర అంగుళం చాలనుకుని కుట్టును అర అంగుళమే జరిపి, జాకెట్టు వదులైందని మళ్లీ మొదటికొచ్చేవాళ్లు ఉన్నారు. చేతి కుట్టును కూడా అదే వరుసలో విప్పండి, లేకపోతే చంకలో ముడత పడుతుంది.

2024లో సర్కారు బడుల యూనిఫాంల పని మహిళా సంఘాలకు ఇచ్చి, కుట్టుకూలి ఒక్కోదానికి రూ.50 నుంచి రూ.75కి పెంచారు. యూనిఫాం లూజుగా ఉన్నా నడుస్తుంది, జాకెట్టు నడవదు. కాలనీల్లో ఏడాది పొడవునా ఉండేది ఆల్ట్రేషన్ పనే.

దరఖాస్తు ఎక్కడ?

దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటర్‌లో. ఆధార్, దానికి లింకైన ఫోన్, బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు తీసుకెళ్లండి. వయసు 18 నిండాలి. కుటుంబానికి ఒక్కరికే అవకాశం, ప్రభుత్వ ఉద్యోగుల కుటుంబాలకు లేదు. గత ఐదేళ్లలో ముద్ర, స్వనిధి అప్పు తీసుకున్నా, మొత్తం కట్టేసి ఉంటే అర్హులే. 5 నుంచి 7 రోజుల శిక్షణలో రోజుకు రూ.500 ఇస్తారు. శిక్షణ అయ్యాక రూ.లక్ష వరకు 5 శాతం వడ్డీకి అప్పు దొరుకుతుంది, 18 నెలల్లో కట్టాలి. నమోదు ఉచితం. "నేను చేయించిపెడతా" అని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. మీరు కుట్టిన జాకెట్టు ఫొటోలు, మీ దగ్గర కుట్టించుకున్నవాళ్ల కొలతల పుస్తకం ఉంచుకోండి, పరిశీలనకు వచ్చినప్పుడు చూపించడానికి పనికొస్తాయి.