నొప్పి నెరిగిన చేయి
(గర్భిణుల దేహబాధలు: ప్రశ్నలు – జవాబులు)

గర్భిణుల దేహబాధలను చేతితో ఒత్తియు, రుద్దియు ఉపశమింపజేయుటను గూర్చి ఈ మాసము పెక్కు లేఖలు వచ్చినవి. అందు ఐదింటిని ఏర్చి జవాబు లిచ్చుచున్నాము. కండరము బిగిసిన చోట చేతికి పని కలదు. గర్భాశయమునందో రక్తనాళమునందో పుట్టిన బాధను మాత్రము చేయి తీర్చజాలదు. ఈ భేదమును గుర్తుంచుకొన్నవారికి ఈ జవాబులలో సగము ముందే తెలిసినట్లు.

ప్రశ్న: నాకిది ఆరవ నెల. సాయంకాలమగుసరికి నడుము విరిగిపోవుచున్నట్లుండును. మా అత్తగారు నువ్వులనూనె కాచి ఒళ్ళు పట్టించుకొమ్మందురు. ఇరుగుపొరుగువారు కడుపు పోవునని భయపెట్టుదురు. ఎవరి మాట వినవలెను?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాటయే వినదగినది, కాని దానికి కొన్ని హద్దులు చేర్చవలసియున్నది. గర్భిణులలో సగముమందికి మించి ఈ బాధను ఎరిగినవారే. కడుపు పెరిగిన కొలది దేహభారము ముందుకు జరుగుటచేత దానిని నిలువరించుటకై వీపు కండరములు దినమెల్ల బిగిసియుండుటయు, రిలాక్సిన్, ప్రొజెస్టిరాన్ అను హార్మోనులు కటిసంధుల బంధనములను మెత్తబరచుటయు, ఈ రెండును కలిసి నడుమునొప్పికి మూలమగుచున్నవి. బిగిసిన కండరమును గోరువెచ్చని నూనెతో నెమ్మదిగా ఒత్తినచో అది సడలును, మనస్సు కుదుటపడి నిద్ర పట్టును. మెత్తబడిన సంధులకు ఆసరా కల్పించుట మాత్రము మర్దనమువలన కాదు. అది నిత్యము చేయు నడకకును, తేలికపాటి వ్యాయామమునకును చెందిన పని. ఇక ఇరుగుపొరుగువారి భయమునకు ఆధారము లేదు. గర్భస్రావములలో అధికభాగము మొదటి మూడు నెలలలో, పిండమునందలి లోపములవలననే సంభవించును. ఆ దినములలో ఎవరైన ఒళ్ళు పట్టియున్నచో అపవాదు ఆ చేతులపై పడును.

హద్దు లేవనగా, ఐదవ నెల నిండిన పిమ్మట వెల్లకిల పడుకొని ఒళ్ళు పట్టించుకొనరాదు. గర్భభారము ఉదరములోని మహాసిరను అదుముటచేత గుండెకు రక్తము తిరిగివచ్చుట తగ్గి, తల తిరుగుటయు, చెమటలు పట్టుటయు కలుగవచ్చును. ఎడమప్రక్కకు తిరిగి, మోకాళ్ళ నడుమ ఒక దిండును, కడుపు క్రింద మరియొక పలుచని దిండును ఉంచుకొని పడుకొనుడు. పట్టువారు వెన్నెముకను తాకక, దానికి ఇరుప్రక్కల నున్న కండరములను అరచేతితో నిదానముగా ఒత్తవలెను. పిడికిళ్ళతో గుద్దుటయు, నడుముపై కాలు మోపి త్రొక్కుటయు, కడుపును ఒత్తుటయు ఏ నెలలోను తగవు. పిమ్మట చేయు స్నానమునకు గోరువెచ్చని నీరు చాలును. రక్తస్రావము, జ్వరము, అధిక రక్తపోటు ఉన్నవారును, మాయ క్రిందికి ఉన్నదని వైద్యులు చెప్పినవారును మర్దనమునకు ముందు వైద్యుని అడుగవలెను. నడుమునొప్పి నియమితముగా వచ్చి పోవుచున్నను, మూత్రము మంటతో కూడియున్నను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

ప్రశ్న: ఏడవ నెల. మంచముపై ప్రక్కకు తిరుగునప్పుడును, మెట్లెక్కునప్పుడును తొడల నడుమ ఎముక కలుక్కుమనుచున్నది. ఎంత రుద్దినను తగ్గదు.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నము

జవాబు: అచట రుద్దుటవలన ప్రయోజనము లేదు. పొత్తికడుపు క్రింద రెండు ఎముకలు కలియు సంధి సడలి, ఇరువైపుల కదలిక సమముగా లేకపోవుటచేత ఆ కలుక్కు పుట్టుచున్నది. కావున ఒకే కాలిపై భారము పడకుండ చూచుకొనుటయే మొదటి చికిత్స. ప్రక్కకు తిరుగునప్పుడు మోకాళ్ళు రెండును దగ్గరగా చేర్చి ఒక్కసారిగా తిరుగుడు. బట్టలు కూర్చుండి కట్టుకొనుడు. మెట్లను ఒక్కొక్కటిగా, రెండు పాదములును ఒకే మెట్టుపై చేరిన పిదప ఎక్కుడు. బరువు బిందెను చంకన పెట్టుట మానుడు. గర్భిణుల విషయమున అనుభవముగల ఫిజియోథెరపిస్టు తుంటి కండరములను సడలించి, కటిభాగమునకు బలమిచ్చు వ్యాయామములను నేర్పగలరు. తుంటి చుట్టును కట్టుకొను బెల్టు కొందరికి హాయినిచ్చును. నొప్పిమాత్రలను దుకాణములో అడిగి తెచ్చుకొనకుడు. ఐబుప్రోఫెన్ వంటివి 20 వారములు దాటిన పిమ్మట శిశువు మూత్రపిండములకు చెరుపు చేయగలవు.

ప్రశ్న: అర్ధరాత్రి నా భార్య పిక్కలు పట్టివేసి కేకవేయుచున్నది. సాయంకాలము పాదములు వాచుచున్నవి. నేను కాళ్ళు పట్టవచ్చునా?
– ఒక భర్త, హైదరాబాదు

జవాబు: నాయనా, తప్పక పట్టవచ్చును. పిక్క బిగిసిన క్షణమున మాత్రము రుద్దుటకు ముందు సాగదీయవలెను: మోకాలిని చాచియుంచి, పాదపు వ్రేళ్ళను ముంగాలివైపునకు నెమ్మదిగా వంచి పట్టినచో బిగువు వదలును. ఆ మీదట మెత్తగా ఒత్తుడు. పడుకొనుటకు ముందు ఆమె గోడకు చేతులానించి, మడమలు నేలను విడువకుండ ముందుకు వంగి పిక్కలను సాగదీసికొనుట మంచిది. రెండు పాదములును సమముగా వాచి, రాత్రి విశ్రాంతిచే తగ్గు వాపు చాలవరకు సహజమే. కాళ్ళను దిండ్లపై ఎత్తిపెట్టి, చీలమండనుండి మోకాలివైపునకు తేలికగా నిమురుడు.

అయితే రెండు సందర్భములలో మీరు చేయి తీసివేయవలెను. ఒక్క కాలే వాచి, ఎఱ్ఱబారి, వేడిగా నుండి నొప్పిపెట్టుచున్నచో అది సిరలో గడ్డకట్టిన రక్తము కావచ్చును. గర్భిణీదశలో రక్తము గడ్డకట్టు స్వభావము హెచ్చియుండును. ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరినచో ప్రాణాపాయము. ఆ కాలిని రుద్దక ఆసుపత్రికి తీసికొనిపొండు. రెండవది, ముఖమును చేతులును అకస్మాత్తుగా ఉబ్బుట, తీరని తలనొప్పి, చూపు మసకబారుట, ప్రక్కటెముకల క్రింద నొప్పి. ఇవి కనబడినను ఆసుపత్రికే పోవలెను. రక్తపోటు 140/90 గాని అంతకు మించి గాని ఉన్నచో, మూర్ఛలు తెచ్చు గుర్రపువాతమునకు పూర్వరూపమేమో యని వైద్యులు వెంటనే పరీక్షింతురు.

ప్రశ్న: మా అమ్మాయి డాలస్‌లో నున్నది. నడుమునొప్పికి కైరోప్రాక్టర్ వద్దకు పోవుచున్నానని వ్రాసినది. ఎముకలను పటుక్కుమనిపించుదురట! నాకు నిద్ర పట్టుట లేదు.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, వెన్నెముక సంధులను చేతితో సవరించు ఆ వైద్యము 1895లో అమెరికాలోని డావెన్‌పోర్టు పట్టణమున డి. డి. పామర్ ప్రారంభించిన పద్ధతి. నేడచట ప్రభుత్వపు అనుమతిపత్రము పొందినవారే ఆ వృత్తి చేయుదురు. నడుమునొప్పికి దానివలన కొందరికి కొంత ఉపశమనము కలుగును. ఆ శబ్దము ఎముక విరుగుటచే వచ్చునది కాదు. సంధిద్రవములో వాయువు బుడగకట్టుటచే కలుగునది. అయినను మీ అమ్మాయి తన ప్రసూతివైద్యురాలికి ముందుగా తెలియజేసి, ప్రక్కకు పరుండి చేయించుకొనవలెను. మెడను గిరుక్కున త్రిప్పనీయక, ఈ చికిత్సకై ఎక్స్‌రే తీయనీయక జాగ్రత్తపడవలెను. కైరోప్రాక్టర్లు చేయు వెబ్‌స్టర్ పద్ధతిచే శిశువు తల క్రిందికి మరలునని ఎవరైన చెప్పినచో, దానికి తగిన నిదర్శనములు లేవని ఆమె ఎరిగియుండుట మంచిది.

ప్రశ్న: మా కోడలికి 32వ వారము. స్కానింగులో బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నదన్నారు. మా ఊరి ముసలి మంత్రసాని కడుపు పిసికి బిడ్డను త్రిప్పుదునన్నది. ఆమె చేతిమీదుగా ఊరిలో సగముమంది పుట్టినారు.
– ఒక అత్తగారు, కరీంనగరు జిల్లా

జవాబు: ఆమె అనుభవమును మేము తక్కువ చేయము, కాని ఈ పనికి ఒప్పుకొనకుడు. 32 వారములకు ఎదురుకాళ్ళతో నున్న శిశువులలో చాలమంది 36 వారములలోపల తామై తిరుగుదురు. నెలలు నిండునాటికి అట్లుండువారు నూటికి ముగ్గురో నలుగురో. మంత్రసాని త్రిప్పినదని చెప్పుకొను బిడ్డలలో పెక్కుమంది అట్లు తిరిగినవారే. అప్పటికిని తిరుగనిచో 36, 37 వారములకు వైద్యులు కడుపుపైనుండియే చేతులతో త్రిప్పి చూతురు. సుమారు సగముమందియందు అది ఫలించును. ఆ చేతులును చేతులే, కాని వారు స్కానింగుతో మాయ ఎచటనున్నదో చూచి, గర్భాశయమును సడలించు మందిచ్చి, బిడ్డ గుండె చప్పుడు వినుచు, అవసరమైనచో వెంటనే ఆపరేషను చేయుటకు సిద్ధముగా నుండి ఆ పని చేయుదురు. ఇంటివద్ద పిసికినప్పుడు మాయ విడివడి రక్తము లోలోపల పారినను, పైకి తెలియుటకు జాగగును.

ఆ మంత్రసానిని నొప్పించి పంపకుడు. ఆసుపత్రివారు ఒప్పినచో ప్రసవమునాడు ఆమెనే కోడలికి తోడుగా తీసికొనిపొండు. నొప్పి వచ్చినప్పుడెల్ల నడుము క్రింది వెడల్పైన ఎముకపై అరచేతి మొదలు మోపి గట్టిగా అదిమి, నొప్పి దిగగానే వదలుట ఆమెకు ఎవరును నేర్పనక్కరలేదు. నడుమున వచ్చు ప్రసవవేదనకు ఆ అదుము మంచి ఊరట.